మీటర్‌కు వోల్టేజీ, డిజిటల్‌కు నిల్వ: కెమెరా బ్యాటరీలపై దీర్ఘకాల సమీక్ష

పాత ఫిల్మ్ కెమెరాలో సెల్ సరిగ్గా పట్టినంత మాత్రాన సరైన సెల్ వేసినట్టు కాదు. ముందు చూడాల్సింది వోల్టేజీ. ఒలింపస్ ఓఎం-1 లాంటి కెమెరాల్లో వెలుతురు కొలిచే లైట్ మీటర్‌ను 1.35 వోల్టుల పాదరసం సెల్ పిఎక్స్625కు తగ్గట్టు చేశారు. పాదరసంపై నిషేధాలు వచ్చాక ఆ సెల్ పోయింది. అదే సైజులో వచ్చే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులతో మొదలై వాడేకొద్దీ దిగుతూ ఉంటుంది. మీటర్ తప్పు చూపుతుంది, ఆ తప్పు కూడా నిలకడగా ఉండదు. అందుకే ఐఎస్‌ఓ (ఫిల్మ్ సున్నితత్వపు సెట్టింగ్) మార్చి సర్దుకుందామన్నా కుదరదు. ఆ తప్పును నెగెటివ్ ఫిల్మ్ కొంత ఓర్చుకుంటుంది గానీ స్లైడ్ ఫిల్మ్ ఓర్చుకోదు.

నా ఓటు వినికిడి యంత్రాల్లో వాడే 675 జింక్-ఎయిర్ సెల్‌కే. 1.4 వోల్టులు ఇస్తుంది, చివరిదాకా దాదాపు అలాగే నిలుస్తుంది. వెడల్పు 11.6 మి.మీ. మాత్రమే కాబట్టి పిఎక్స్625 కోసం చేసిన బ్యాటరీ గదిలో వదులుగా ఆడుతుంది; చుట్టూ రబ్బరు ఓ-రింగ్ వేస్తే కదలదు. సెల్‌కున్న గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. వాటిపై ఉన్న స్టిక్కర్ పీకి నాలుగైదు నిమిషాలు బయటే ఉంచి, ఆ తర్వాత మూత బిగించాలి. ఒకసారి పీకాక వాడినా వాడకున్నా కొద్ది నెలల్లోనే ఎండిపోతుంది. ఆ విసుగు వద్దనుకుంటే వోల్టేజీని కాస్త తగ్గించే షాట్కీ డయోడ్ ఉన్న అడాప్టర్‌లో సిల్వర్ ఆక్సైడ్ సెల్ వేసుకోవచ్చు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో వోల్టేజీ కాస్త మారినా మీటర్ తప్పు చూపకుండా చూసే బ్రిడ్జ్ సర్క్యూట్ ఉంది కనుక దానికి ఈ తిప్పలు లేవు.

1.5 వోల్టుల సెల్‌కే తయారైన కెమెరాల్లో ఆల్కలైన్ సెల్ ఎల్ఆర్44 కన్నా ఎస్ఆర్44 మేలు. ఆకారం ఒకటే, కానీ రెండోది సిల్వర్ ఆక్సైడ్: అయిపోయేదాకా 1.55 దగ్గర ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే సంచిలో స్పేర్ ఉండాలి. నికాన్ ఎఫ్ఎం2 అయితే సెల్ అయిపోయినా షట్టర్ పడుతుంది, మీటర్ మాత్రమే పోతుంది. క్యానన్ ఏఈ-1లో షట్టరే పడదు. సెల్‌ను మల్టీమీటర్‌తో ఊరికే కొలిచి బాగుందనుకోవద్దు. లోడ్ లేనప్పుడు, అంటే కరెంటు లాగే పని లేనప్పుడు, నీరసించిన సెల్ కూడా మంచి అంకె చూపిస్తుంది. కెమెరాలోని బ్యాటరీ చెక్ బటన్‌నే నమ్మండి.

డిజిటల్ కెమెరాల లిథియం-అయాన్ ప్యాక్‌ల విషయంలో నిల్వే కీలకం. నెలల తరబడి పక్కన పెట్టేటట్టయితే సగం ఛార్జింగ్‌తో, కెమెరాలోంచి తీసి, చల్లని పొడిచోట ఉంచాలి. నిండా ఛార్జ్ చేసి వేడిలో వదిలేస్తే సామర్థ్యం త్వరగా తగ్గుతుంది. పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే రక్షణ సర్క్యూట్ మూసుకుని ఛార్జే ఎక్కకపోవచ్చు. ఇతర కంపెనీల ప్యాక్‌లు స్పేర్‌గా పనికొస్తాయి, అయితే వాటిపై రాసిన ఎంఏహెచ్ (సామర్థ్యం) అంకెను పట్టుకుని కొనొద్దు. కొన్ని మిగిలిన శాతాన్ని కూడా సరిగా చూపవు. ఉబ్బిన ప్యాక్‌ను బ్యాటరీ గదిలోకి బలవంతంగా నెట్టొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

ఫ్లాష్‌కు తక్కువ స్వయం-డిశ్చార్జి ఉన్న (వాడకుండా ఉంచినా ఛార్జ్ త్వరగా పోని) నికెల్ మెటల్ హైడ్రైడ్ డబుల్-ఏ సెల్స్ వాడండి. నాలుగింటినీ ఒకే సెట్‌గా గుర్తుపెట్టి, ఒక్కో సెల్‌ను విడిగా చూసుకునే ఛార్జర్‌లో పెట్టాలి. పాతవీ కొత్తవీ కలిపితే బలహీనమైనది ముందే ఖాళీ అయి తిరగబడి ఛార్జ్ అవుతుంది, ఇక అది పాడైనట్టే.

ఆల్కలైన్ సెల్ కారి తెల్లటి పొడి పేరుకుంటే తొడుగులు వేసుకుని, దూది పుల్లకు కాస్త వెనిగర్ అద్ది తుడవండి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్ వేయండి.