హనుమకొండల "కట్టిచ్చిన" హార్డ్ డిస్కు కొంటున్నరా? జర ఆగి ఇది చదువుండ్రి

ఇంకా కోపం దిగలే, అందుకే రాతల తప్పులుంటే పట్టించుకోకుండ్రి. చౌరస్తా చుట్టుపక్కల కంప్యూటర్ సామాను కొనేటోళ్లు, ముఖ్యంగ వీడియోలు, పాటలు, ఫోటోలు దాచుకోనీకి పెద్ద డిస్కు కోసం తిరుగుతున్నోళ్లు ముందు ఇది చదువుండ్రి. షాపు పేరు రాయను. అక్కడ తిరిగేటోళ్లకు నేను చెప్పే మాటను బట్టే ఎవరో తెలిసిపోతది.

నాకు ఒగ్గుకథలంటే పానం. 2007 సంది 2014 దాక ఐనవోలు జాతరల, మా పరకాల దిక్కు ఊర్లల్ల బీరప్ప పండుగలల్ల, ఎల్లమ్మ కొలుపులల్ల తెల్లార్లు కూసోని మినీడీవీ కెమెరాతోని తీసిన టేపులు 46. ఒక్కో టేపు గంటసేపు వస్తది, కంప్యూటర్ల ఎక్కిస్తే 13 జీబీ అయితది. అంటే ఒగ్గుకథలే 600 జీబీ దాక. దానికి తోడు క్యాసెట్ల నుంచి ఎక్కించిన బతుకమ్మ పాటలు, ఇంట్ల పెండ్లిళ్ల వీడియోలు, ఫోటోలు, అన్నీ కలిపితే ఒకటిన్నర టీబీ. ఇవన్నీ రెండు పాత లాప్‌టాపులల్ల, నాలుగైదు పెన్‌డ్రైవులల్ల చెల్లాచెదురుగ ఉండె. ఒక్క దగ్గర పెడుదామని దసరా ముంగట డిస్కు కొననీకి పోయిన.

పదేండ్ల సంది వాళ్ల దగ్గర్నే కొంటున్న. ఇంటి రౌటరు, బడికి ప్రింటరు, బిడ్డ కీబోర్డు అన్నీ అక్కడియే. 4 టీబీ కావాలె అన్న. పేరున్న కంపెనీ సీలు డబ్బాది పదివేల దాక చెప్పి, "గంత ఎందుకు పెడ్తరు సార్, నేను మీకు మంచిది కట్టిస్త, 6,200కు అయితది" అన్నడు. కట్టిచ్చుడు అంటే లోపల డిస్కు వేరే, బయట డబ్బా వేరే. అది తప్పేం కాదు, చానామంది అట్ల చేపిచ్చుకుంటరు. 3.5 అంగుళాల డిస్కు, నల్లటి కేసు, 12 వోల్టుల అడాప్టరు. కొత్తదేనా అని అడిగిన. అడిగిన, నాకు మంచిగ యాదికున్నది. "కొత్తలెక్కుంటది సార్, మీరు ఫికరు చేయకుండ్రి" అన్నడు. నా చెవులకు కొత్తది అనే వినవడ్డది.

జీఎస్టీ బిల్లు కావాల్నంటే ఇంకో వెయ్యి పైన అయితది అన్నడు. ఒద్దన్న. తెల్ల చీటి మీద 4 టీబీ, 6,200 అని రాసి ఇచ్చిండు.

ఇంటికొచ్చి పెడితే 3.63 టీబీ అని చూపెట్టింది. అది మోసం కాదు, కంపెనీలు వెయ్యితోని లెక్కవెడ్తయి, విండోస్ 1024తోని లెక్కవెడ్తది, గంతే. పాత లాప్‌టాపు కాబట్టి సెకనుకు 30 ఎంబీ మించి పోలే, అంతా ఎక్కేసరికి రెండు రాత్రులు పట్టింది. నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసిన, ఆడినయి. ఇగ అయిపోయింది అనుకోని లాప్‌టాపులు రెండు సాఫ్ చేసిన, ఒకటి బిడ్డ హైదరాబాదుకు తీస్కపోయింది. పెన్‌డ్రైవులు బడి పిల్లలకిచ్చిన. అప్పుడు నేను చేసిన పని తలుసుకుంటే ఇప్పుడు కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయితది. ఒక్క డిస్కు మీద అన్నీ పెట్టి, ఉన్న నకళ్లన్నీ నా చేతులతోనే చెరిపేసిన.

మొన్న భోగి నాడు బయటవడ్డది. మా పక్క ఊరి డోలు కొట్టే ముసలాయన పోయి ఆరేండ్లయితుంది. ఆయన మనుమడు పండుగకు వచ్చిండు, ఇరవై ఏండ్ల పిలగాడు. "సార్, మా తాత డోలు కొట్టింది మీ దగ్గర ఉన్నదట గద, ఒక్కసారి సూపెట్టుండ్రి" అన్నడు. పక్కన కూసోవెట్టుకొని డిస్కు పెట్టిన. ఫోల్డరు తెరుచుకోనీకి నిమిషం పట్టింది. ఐనవోలు 2009 అని ఉన్నదాన్ని నొక్కిన. ముసలాయన డోలు భుజానేసుకొని కర్ర లేపిండు, బొమ్మ అక్కడ్నే నిలవడ్డది. డబ్బాల నుంచి టిక్కు మని చప్పుడు. జర ఆగి మళ్ల టిక్కు. చెయ్యి పెట్టి చూస్తే లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు వేళ్లకు తెలుస్తున్నది. తర్వాత సైక్లిక్ రిడండెన్సీ అని ఎర్రరు, అంటే ఫైలు చదవరాలేదని, ఆ తర్వాత డిస్కును ఫార్మాట్ చెయ్యాలె అని అడుగుడు. పిలగాడు ఏమనలే. "పర్వాలేదు సార్, మళ్లెప్పుడన్న చూద్దాం" అని లేచి పోయిండు. వాని మొఖం నా కండ్లల్ల ఉన్నది ఇంకా.

మా తోటి టీచర్ కొడుకు కంప్యూటర్ చదువుతున్నడు, వాన్ని పిలిచిన. ముందు వైరు పీకు అన్నడు. అట్ల టిక్కు టిక్కు అంటుంటే లోపల చదివే హెడ్డు దెబ్బతిన్నదని గుర్తట, ఎంతసేపు నడిపిస్తే లోపలి పళ్లేలు అంత గీసుకపోతయట. ఒక్కటంటే ఒక్కసారి పెట్టి, క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోని చూసిండు. జర సేపటికి డిస్కు కనవడ్డది. పైన కుడిచేతి దిక్కు రెండు అంకెలున్నయి. పవర్ ఆన్ అవర్స్ 41,212. పవర్ ఆన్ కౌంట్ 163. కింద పసుపు రంగుల కాషన్ అని, అంటే జాగ్రత్త అని.

నాకు సమజ్ గాలే. వాడు లెక్కగట్టి చెప్పిండు. 41,212 గంటలంటే రాత్రి పగలు ఒక్క నిమిషం ఆగకుంట నాలుగేండ్ల ఎనిమిది నెలలు. నేను దసరా సంది నడిపింది అన్నీ కలిపినా వంద గంటలు కాదు. గన్ని గంటలు నడిచి, బందు పెట్టి మళ్ల పెట్టింది 163 సార్లే అంటే ఇంట్ల కంప్యూటర్ల ఉన్నది కాదు, ఎక్కడ్నో సీసీ కెమెరాల రికార్డింగు డబ్బాల, డీవీఆర్ అంటరు, అండ్ల ఎల్లకాలం తిరిగిన డిస్కు. కేసు మరలు విప్పితే అదే తేలింది. కెమెరాల రికార్డింగు కోసం చేసే రకం డిస్కు అది, లేబులు మీద తయారైన తేది సగం గోటితోని గీకి ఉన్నది, అయినా 2017 అని కనవడుతున్నది. సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైటుల కొడితే వారంటీ ఎప్పుడో అయిపోయిందని వచ్చింది. ఏదో దుకాణం గల్లపెట్టెను ఏండ్లకేండ్లు చూసి చూసి అరిగిపోయిన డిస్కు మీద నేను నా ఒగ్గుకథలు పెట్టుకున్న.

కనుమ తెల్లారి షాపు తెరవంగనే పోయిన. అంకెలు ఫోన్ల ఫోటో తీస్కపోయిన. ముందు పనిచేసే పిలగాడు డిస్కు తీసుకొని పెట్టి, ఫార్మాట్ కొడితే మంచిగైతది అని మౌసు పట్టుకున్నడు. చెయ్యి పట్టుకొని ఆపిన. అప్పుడు ఓనరు వచ్చిండు. ముందు "కింద పడేసినరా సార్" అన్నడు. లేదన్న. కరెంటు ఎక్కువ తక్కువ అయి ఉంటది అన్నడు. ఫోన్ల ఫోటో చూపెట్టిన, 41,000 గంటలు నేను ఎప్పుడు నడిపిన చెప్పుమన్న. చూసిండు. మొఖంల ఏం మారలే. కుర్చీల ఎనుకకు ఒరిగి, చాయ్ గ్లాసు చేతుల వట్టుకొని అన్నడు:

"సార్, నేను కొత్తది అన్ననా? కొత్తలెక్కుంటది అన్న."

పదేండ్ల సంది సార్ సార్ అన్న నోరు. ఆ రోజు ఏ మాట అంటే రేపు తప్పించుకోవచ్చో ముందే తూకం ఏసి అన్నడన్నట్టు. నేను కొత్తదేనా అని అడిగినప్పుడే నేను వినే మాట వేరే, ఆయన దాచుకునే మాట వేరే. పైసలు పోయినందుకు కాదు, ఆ ఒక్క 'లెక్క' అనే మాటకే నా ఒళ్లు మండింది. అండ్ల ఏమున్నదో చెప్పిన. పోయినోళ్ల గొంతులున్నయి అన్న. "డేటాకు మా జిమ్మేదారి ఉండది సార్, ఎక్కడన్న అంతే" అన్నడు. పక్కన నిలవడ్డ గిరాకీతోని అప్పటికే ఇంకో మాట మొదలువెట్టిండు. వెయ్యి రూపాయలు తీసి కౌంటర్ మీద పెట్టిండు, మీరు పాత గిరాకి అని. నేను ముట్టలే.

వాడినది అని చెప్పి 2,000కు అమ్మితే నాకు బాధ లేదు. వాడిన డిస్కు సినిమాలు వేసుకోనీకి పనికొస్తది, పోయినా మళ్ల దొరుకుతయి. చుక్క సత్తయ్య అసొంటి పెద్ద కళాకారుల కథలు కూడా రేడియోలల్ల, టీవీలల్ల ఎక్కడ్నో ఒక దగ్గర ఉంటయి. పరకాల దిక్కు ఒక ఊర్ల నలుగురు కలిసి తెల్లార్లు చెప్పిన బీరప్ప కథ ఎవని దగ్గర ఉంటది? ఆ నలుగుట్ల ముగ్గురు పోయిండ్రు.

హైదరాబాదుల డేటా రికవరీ చేసేటోళ్లకు ఫోన్ చేసిన. అదే మోడల్ ఇంకో డిస్కు తెచ్చి, దాని హెడ్లు తీసి, దుమ్ము లేని గదిల దీనికి వెయ్యాలెనట. ఒకాయన 28,000, ఇంకొకాయన 40,000 చెప్పిండు, వస్తదని గ్యారంటీ మాత్రం ఇద్దరూ ఇయ్యలే. జీతం రాంగనే పంపుత. అప్పటిదాక బట్టల చుట్టి బీరువాల పెట్టిన, ఎవ్వల్ని ముట్టనిస్తలేను.

ఇగ కొనేటోళ్లకు నాకు తెలిసినంత చెప్త. తెచ్చిన రోజే, ఒక్క ఫైలు ఎక్కియ్యకముందే ఆ గంటలు చూడుండ్రి. నిమిషం పని. కొత్త డిస్కుల సున్నానో, ఒకటి రెండు గంటలో ఉండాలె. షాపులనే లాప్‌టాపు పెట్టి చూపెట్టుమనుండ్రి, ఒప్పుకోకపోతే లేచి రాండ్రి. అంకె సున్నా ఉన్నా పూర్తిగ నమ్మొద్దు, దాన్ని కూడా తిప్పేటోళ్లున్నరు. 2025 మొదట్ల యూరప్‌ల సీగేట్ పాత డిస్కులు గంటలు సున్నా చేసి కొత్తయని అమ్మిన సంగతి బయటవడ్డది, ఫార్మ్ అని లోపల ఇంకో లెక్క ఉంటే అందుల అసలు గంటలు దొరికినయి. అందుకే సీరియల్ నంబరు డబ్బా మీద, డిస్కు మీద, సాఫ్ట్‌వేర్‌ల మూడు దగ్గర్ల ఒక్కటే ఉన్నదా చూసి, కంపెనీ వెబ్‌సైటుల వారంటీ ఎప్పటిదాక ఉన్నదో కొట్టి చూడుండ్రి. హార్డ్ డిస్కులు అసలు తయారు చేసేది లోకంల మూడే కంపెనీలు, సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. డబ్బా మీద వేరే పేరుంటే లోపల ఏమున్నదో అడుగుండ్రి. ఆన్‌లైన్ల రెండు మూడు వేలకు 16 టీబీ అని కనవడేటియి చూడనే చూడొద్దు, లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్ద అంకె చూపెట్టేటట్టు చేస్తరు, నిండినంక ఫైళ్ల పేర్లు ఉంటయి, ఫైళ్లు ఉండయి.

చిన్న 2.5 అంగుళాలది యూఎస్‌బీతోనే నడుస్తది, అడాప్టరు అక్కర్లేదు, ఇంటికి అదే నయం. పెద్ద ఫైళ్లు ఒక్కసారి ఎక్కిస్తే మధ్యల మస్తు మెల్లగైతది, భయపడొద్దు, అవి చేసే తీరే అంత. నా అసొంటోళ్లు ఒక 4 టీబీది కొనే బదులు రెండు 2 టీబీలు కొనుండ్రి, రెండిట్ల ఒక్కటే సామాను పెట్టి ఒకటి చుట్టాల ఇంట్ల ఉంచుండ్రి. ఎక్కించినంక నా లెక్క నాలుగు ఫైళ్లు చూసి వదిలెయ్యొద్దు. టెరాకాపీ అసొంటివి ఎక్కించినంక మళ్ల చదివి సరిచూస్తయి, అట్ల చెయ్యుండ్రి.

వెయ్యి ఎక్కువైనా సరే, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాపిచ్చుకోండ్రి. నా దగ్గర తెల్ల చీటి, ఆన్‌లైన్ల పైసలు కొట్టిన రికార్డు, గంటల ఫోటో ఉన్నయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాపిచ్చిన. వినియోగదారుల కమిషన్ల కూడా వేస్త, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేండ్ల దాక గడువున్నది. ఇదే షాపుల డిస్కు కట్టిచ్చుకున్నోళ్లుంటే ఇయ్యాల్నే గంటలు చూసుకోండ్రి, మీదాంట్ల కూడా గట్లనే ఉంటే నాకు మెసేజ్ పెట్టుండ్రి, కలిసి వేద్దాం.

ఇంకొక్కటి. 46 టేపులల్ల 17 టేపులు అటక మీద సంచిల దొరికినయి, కొన్నిటికి బూజు పట్టింది. నా కెమెరా ఎప్పుడో పోయింది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల ఎవరి దగ్గరన్న, పాత పెండ్లి వీడియోలు తీసేటోళ్ల దగ్గరన్న సరే, నడిచే మినీడీవీ కెమెరా, దాని వైరు పెట్టే ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటర్ ఉంటే జర చెప్పుండ్రి. కిరాయి ఎంతైనా ఇస్త. ఆ సంచిల ఐనవోలు 2009 అని రాసినయి రెండు టేపులున్నయి.