తొలేదోలో క్రిస్మస్ బాదం మిఠాయి: ఎక్కడ దిగాలి, ఏది కొనాలి

డిసెంబరులో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ దాకా వెళ్లినవాళ్లు దగ్గర్లోని పాత ఊరు తొలేదోకి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంటారు. అక్కడి బాదం మిఠాయి (మార్జిపాన్) కోసమే వెళ్లేవాళ్లు ఆ రాత్రి అక్కడే ఉండటం మంచిది. పదకొండు దాటాక టూరిస్టు బస్సులు వరసగా దిగుతాయి, పాత ఊళ్లోని ముఖ్య కూడలి థొకోదొవేర్ కిక్కిరిసిపోతుంది. ఏ ముక్కలో ఏముందో అడిగి ఎంచుకునే తీరిక ఇటు కొనేవాళ్లకీ ఉండదు, అటు అమ్మేవాళ్లకీ ఉండదు. చీకటి పడ్డాక అవే మిఠాయి దుకాణాల కౌంటర్ల దగ్గర నింపాదిగా మాట్లాడొచ్చు. డిసెంబరు 6, 8 తేదీలు అక్కడ సెలవులు. వాటి మధ్య రోజులు కలుపుకుని దేశమంతా ప్రయాణాల్లో ఉంటుంది కాబట్టి ఆ వారం తప్పించుకోండి. 24 మధ్యాహ్నానికే దుకాణాలు మూసేయడం మొదలుపెడతారు.

మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి రైలు సుమారు 35 నిమిషాలు. శని, ఆదివారాల టిక్కెట్లు ముందే అయిపోతాయి. మాడ్రిడ్‌లోనే ఉన్న ప్లాథా ఎలీప్తికా నుంచి బస్సుకి గంట, అంతకు కొంచెం ఎక్కువ పడుతుంది. అయినా బరువులున్నవాళ్లకి బస్సే నయం. రైలు నది అవతల దింపుతుంది, అక్కడి నుంచి ఊళ్లోకి అంతా ఎక్కుడే. బస్టాండు దగ్గరైతే సఫోంత్ ఎస్కలేటర్లు ఎక్కితే కూడలి పక్కకే చేరతారు.

బసకు పాత ఊరి లోపల గది బాగుంటుంది. కాకపోతే గులకరాళ్ల సందుల్లో చక్రాల పెట్టె లాగడం నరకం, చాలా సందుల్లోకి టాక్సీ రాదు. పాత ఊరి కోటగోడలోని బీసాగ్రా ద్వారం బయట దిగితే పెట్టెల బాధ ఉండదు, దగ్గర్లోని ఎస్కలేటర్ల మీద పైకి పోవచ్చు. నది అవతల గుట్టమీది పరదోర్ (ప్రభుత్వ హోటల్) నుంచి ఊరు మొత్తం కనిపిస్తుంది, దృశ్యం అద్భుతం. కానీ మిఠాయి దుకాణానికి వెళ్లాలన్న ప్రతిసారీ బండి ఎక్కాల్సిందే. ఈ ప్రయాణానికి మాత్రం బీసాగ్రా వైపే సరైనది.

మిఠాయి పేరు అక్కడివాళ్లు 'మాథపాన్' అని పలుకుతారు. 'మాథా' అంటే గద, 'పాన్' అంటే రొట్టె. 1212 నాటి లాస్ నావాస్ దె తొలోసా యుద్ధ కాలంలో గోధుమలు దొరక్క, శాన్ క్లెమెంతే మఠం సన్యాసినులు రొట్టెకు బదులు బాదం, చక్కెర గదతో దంచి పెట్టారని ఊరి కథ. 1856 నుంచి ఉన్న శాంతో తొమే దుకాణం అందరికీ తెలిసినది, ముక్కలు విడిగా తూచి ఇస్తారు. మొదటిసారి కొనేవాళ్లు అందమైన డబ్బా జోలికి పోకుండా, లోపల ఏమీ కూరని చిన్న బొమ్మలు, 'ఫిగురీతాస్', వంద గ్రాములు విడిగా తీసుకోండి. పిండి నాణ్యత దాచడానికి వాటిలో ఏమీ ఉండదు. పైన గోధుమరంగు కాలిన పొర, లోపల తెల్లగా, తేమగా ఉండాలి. కొరికితే పళ్లకు అంటుకోకుండా విడిపోవాలి. డబ్బాయే కొంటే తొలేదో భౌగోళిక గుర్తింపు ముద్ర చూడండి. ఆ ముద్ర ఉంటే కనీసం సగం బరువు బాదమే.

కొన్ని మఠాల్లోనూ మిఠాయి దొరుకుతుంది, కానీ అమ్మే సన్యాసిని కనిపించరు. గోడలో తిరిగే కొయ్య అర ఉంటుంది. గంట కొడితే లోపలి నుంచి 'ఆవె మరీయా పురీసిమా' (పరమ పవిత్ర మరియమ్మకు వందనం) అని వినిపిస్తుంది, 'సిన్ పెకాదో కొన్సెబీదా' (పాపం లేకుండా గర్భాన పడినది) అని బదులివ్వాలి. డబ్బు అరలో పెడితే అది తిరిగి, పెట్టెతో వస్తుంది. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి కొన్ని గంటలు చాలాచోట్ల మూసి ఉంటుంది.

క్రిస్మస్ బల్ల మీద పెద్దది 'ఆంగీలా', చుట్ట చుట్టుకున్న మలుగుపాము ఆకారం. కోస్తే లోపల గుడ్డుసొన, చక్కెర కలిపిన పసుపు ముద్ద, దాని పక్కన గుమ్మడి జాతి కాయతో చేసిన నారల పాకం కనిపిస్తాయి. నవంబరు 1 సకల పునీతుల పండుగకైతే 'ఉఎసోస్ దె శాంతో' దొరుకుతాయి. వేలెడంత మాథపాన్ గొట్టాల్లో సొన పాకం కూరి పైన చక్కెర పూత పూస్తారు.

గుడ్డు తిననివాళ్లు జాగ్రత్త. బొమ్మల పైపూత కూడా తరచుగా సొనతోనే వేస్తారు. 'యేవా ఉఎవో?' (గుడ్డు ఉందా?) అని అడగండి. పక్కనే పేర్చి ఉండే పొల్వొరోన్లలో (పొడిపొడిగా విరిగే బిస్కెట్లు) సాధారణంగా పందికొవ్వు ఉంటుంది, వాటిని మాథపాన్ అనుకుని కొనకండి.

ఇంట్లో చేయడం కష్టం కాదు. తొక్క తీసిన పచ్చి బాదం పొడి 250 గ్రాములు, పొడి చక్కెర 250, ఒక గుడ్డు తెల్లసొన, అది వద్దనుకుంటే రెండు మూడు చెంచాల నీళ్లు చాలు. జీడిపప్పు కట్లీలా పాకం పట్టనక్కర్లేదు, ముద్ద చేయడానికి పొయ్యి అవసరమే లేదు. మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే బాదం వేడెక్కి నూనె వదులుతుంది, ముద్ద జిడ్డుగా విరిగిపోతుంది. గట్టిగా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకపోతే ఆకారం నిలవదు. బొమ్మలు చేశాక గంటసేపు ఆరనిచ్చి, పైన పచ్చసొన పూసి, 230 డిగ్రీల ఓవెన్ పై అరలో మూడు నుంచి ఐదు నిమిషాలు పెట్టండి. అంతకు మించితే లోపలిదాకా ఎండి పగుళ్లు వస్తాయి.

తిరుగు ప్రయాణంలో ముద్దగా ఉండే డబ్బా స్కానర్‌లో అనుమానం తెప్పించవచ్చు, చేతిసంచిలో పైనే పెట్టుకోండి. ఆంగీలా డబ్బా గుండ్రంగా వెడల్పుగా ఉంటుంది, కొనేముందు సంచి కొలత చూసుకోండి. మూత తెరిచాక గాలి తగిలితే వారంలోపే గట్టిపడుతుంది. అలా గట్టిపడిన ముక్కలు పారేయకండి. దాల్చినచెక్క వేసి కాచిన పాలలో చిదిపి, రొట్టె ముక్కతో తినండి. అక్కడ క్రిస్మస్ ముందు రాత్రి తాగే బాదం సూప్ దాదాపు ఇదే.