కాస్కేడ్ మంచు మీద ఒక చిన్న కార్ఖానా స్కీలు: రెండు జతల పోలిక

సియాటిల్ చుట్టుపక్కల ఉంటూ స్కీయింగ్ నేర్చుకున్నవారు కొంతకాలానికి ఒక సంగతి గ్రహిస్తారు: ఇక్కడి కొండల మీద పడే మంచు, ప్రకటనల్లో పిండిలా ఎగిరిపడే మంచు ఒకటి కావు. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలి కాస్కేడ్ పర్వతాలను తాకి పైకి లేచే వేళ ఉష్ణోగ్రత చాలా రోజులు సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉండడం వల్ల, మంచు విస్తారంగానే పడుతుంది కానీ బరువుగా పడుతుంది. 1998-99 శీతకాలంలో ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1,140 అంగుళాల మంచు కురిసి ప్రపంచ రికార్డుగా నమోదైంది. రాశికి లోటు లేదు, తేడా అంతా వాసిలోనే. ఆ మంచుకు ఇక్కడివారు పెట్టుకున్న పేరు కాస్కేడ్ కాంక్రీట్. దమ్ము చేసిన వరిమడిలో పిక్కల దాకా దిగబడి నడిచినవారికి ఆ పేరును వివరించనక్కరలేదు.

ఈ మంచును దృష్టిలో పెట్టుకునే స్కీలు చేస్తామని చెప్పే ఒక చిన్న కార్ఖానా నుంచి నిరుడు అక్టోబరులో రెండు జతలు తెప్పించుకున్నాను. కింద ఒక ఫిర్యాదు కూడా రాయవలసి వస్తోంది కనుక, అది ఒక్క జతకు సంబంధించినదే కనుక, కార్ఖానా పేరు రాయడం లేదు. పట్టుమని అయిదుగురు కూడా లేని చోటు అది. ఈ ప్రాంతానికి స్కీల తయారీ కొత్తేమీ కాదు. 1962లో సియాటిల్ ఎదుటి వాషాన్ దీవిలో మొదలైన కె2 కంపెనీ ఫైబర్‌గ్లాస్ స్కీలతో పేరు తెచ్చుకుంది, తర్వాతి కాలంలో ఆ తయారీ చైనాకు తరలిపోయింది. ఇప్పటి చిన్న కార్ఖానాలు ఆ ఖాళీలో పుట్టినవని నా అభిప్రాయం.

రెండు జతల నిర్మాణమూ ఒకటే. అడుగున పాలిథిలిన్ బేస్, దాని చుట్టూ ఉక్కు అంచులు, నడుమ వెదురు, మేపుల్ పట్టీలు అతికించిన గుండె చెక్క, దానికి పైనా కిందా గాజునార (ఫైబర్‌గ్లాస్) బట్ట, అన్నిటినీ ఎపాక్సీతో కలిపి వేడి ప్రెస్సులో బిగించిన పొర మీద పొర. లోహపు రేకు ఎక్కడా లేదు. తేడా అంతా ఆకారంలోనే ఉంది. మొదటి జత నడుము, అంటే పాదం కింద స్కీ సన్నబడే చోటు, వెడల్పు 108 మిల్లీమీటర్లు, పొడవు 179 సెంటీమీటర్లు. ముక్కూ తోకా రెండూ నేలను వదిలి ముందుగానే పైకి వంగి ఉంటాయి, అంటే రాకర్ ఎక్కువ. రెండో జత నడుము 92, పొడవు 177. రాకర్ ముక్కు దగ్గర మాత్రమే కొద్దిగా ఉంటుంది, పాదం కింద కాంబర్, అంటే నడిమి భాగం విల్లులా పైకి లేచిన వంపు, స్పష్టంగా కనిపిస్తుంది. వీటి పక్కన కొలబద్దగా, అయిదేళ్లుగా నా దగ్గర ఉన్న ఒక పెద్ద ఐరోపా కంపెనీ జతను వాడాను. దాని నడుము 90 మిల్లీమీటర్లు, లోపల రెండు టైటనాల్ రేకులు ఉన్నాయి. పేరు విని టైటానియం అనుకుంటారు గానీ అది అల్యూమినియం మిశ్రలోహం.

స్కీ మీద నిలబడినవాడి బరువు తెలియకపోతే సమీక్షలోని మిగతా అంకెలకు అర్థం ఉండదు కనుక నా సంగతీ చెప్పాలి. 78 కిలోలు, 175 సెంటీమీటర్లు. ముప్పై ఒకటో ఏట స్నోక్వాల్మీ పాస్‌లో నాలుగేళ్ల పిల్లల పక్కన పడుతూ లేస్తూ మొదలుపెట్టాను, ఇది తొమ్మిదో శీతకాలం. మధ్యరకం దారులకు పెట్టే నీలి చతురస్రం గుర్తున్నవాటిలో నిశ్చింతగా, కష్టమైనవాటికి పెట్టే నల్లవజ్రం ఒకటి ఉన్నవాటిలో ఒళ్లు దగ్గర పెట్టుకుని దిగుతాను. రెండు వజ్రాలవాటి జోలికి పోను. మూడు జతలకూ ఒకే రకం బైండింగులు (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు), అవే బూట్లు. వీలైన ప్రతిరోజూ ఒకే వాలు మీద రెండు మూడు సార్లకు ఒకసారి జత మార్చుకుంటూ దిగాను, ఎందుకంటే ఇక్కడ ఉదయం తొమ్మిదింటి మంచుకూ పదకొండింటి మంచుకూ పోలిక ఉండదు.

ముందుగా గట్టి మంచు. జనవరి మొదట్లో క్రిస్టల్ మౌంటెన్‌లో, క్రితం రోజు కాస్త కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన వాలును, మంచును చదును చేసే గ్రూమింగ్ యంత్రం దువ్విపోయింది. దువ్వెన గీతలు కనిపిస్తున్నా బూటు మడమతో తన్నితే టంగుమని మోగేంత గట్టిగా ఉంది. 92 జత మీద నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే, ఎక్కువ నిరాశ కలిగినదీ ఇక్కడే. మలుపు మొదలుపెట్టాలంటే స్కీ కదలనని మొండికేసేది, కదిలాక ఒక్కసారిగా అంచు కొరికి తనకు నచ్చిన వైపు లాగేది. మొదట తప్పు నా కాళ్లదేననుకున్నాను. సాయంత్రం గరాజ్‌లో స్కీని తిరగేసి బేస్ మీద అడ్డంగా ఉక్కు స్కేలు నిలబెట్టి వెనక టార్చి వేస్తే, రెండు అంచుల దగ్గర స్కేలు ఆనుతోంది, మధ్యలో మాత్రం సన్నని వెలుతురు చీలిక, ముక్కు నుంచి దాదాపు నడుము దాకా. అంటే బేస్ కన్నా అంచులు ఎత్తుగా ఉన్నాయి. అలాంటి స్కీ పట్టాల మీద రైలులాగే ప్రవర్తిస్తుంది. ఇది ప్రెస్సులోంచి తీసిన తరువాత చివరి సానపట్టడంలో జరిగిన అశ్రద్ధ. పెద్ద ఫ్యాక్టరీ యంత్రం ఈ పని విసుగు లేకుండా ఒకే తీరున చేస్తుంది, అలసిన మనిషి చేతికి అప్పుడప్పుడూ తప్పుతుంది. కార్ఖానాకు ఫొటో పంపితే తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదో రోజున యజమాని స్వయంగా ఫోన్ చేసి తప్పు ఒప్పుకుని, ఊళ్లో ఎక్కడైనా స్టోన్ గ్రైండింగ్, అంటే తిరిగే రాతిచక్రం మీద బేస్‌నూ అంచులనూ చదును చేయించడం, చేయించుకోమని, బిల్లు తాను భరిస్తానని చెప్పాడు. భరించాడు కూడా. కానీ జనవరిలో తొమ్మిది రోజులంటే స్కీయర్‌కు రెండు వారాంతాలు.

గ్రైండింగ్ చేయించి, అంచులకు బేస్ వైపు ఒక డిగ్రీ, పక్క వైపు రెండు డిగ్రీలు వాలు పెట్టించిన తరువాత 92 జత మరో స్కీ అయిపోయింది. మలుపులోకి సులువుగా దిగింది, మధ్యస్థ వేగంలో పట్టు బాగుంది, పొడవాటి మలుపు చివర చెక్క సాగి మళ్లీ విచ్చుకుంటున్న స్పందన పాదానికి తెలిసింది. అయితే పాత జతను పక్కన పెట్టి చూస్తే తేడా దాగలేదు. వేగం పెరిగి, కింద చిన్నచిన్న గడ్డలు తగిలేటప్పుడు టైటనాల్ రేకులున్న స్కీ ఆ అదురును తనలోనే మింగేస్తుంది; చెక్క, గాజునార మాత్రమే ఉన్న స్కీ దాన్ని మోకాలి దాకా తెస్తుంది. 108 జత సంగతి చెప్పనే అక్కరలేదు. అంత వెడల్పు స్కీలో అంచు పాదం నడిమి గీతకు దూరంగా ఉంటుంది కనుక గట్టి మంచు మీద దాన్ని నిలబెట్టడానికి చీలమండ, మోకాలు అదనంగా శ్రమించాలి. రాకర్ వల్ల నేలను తాకే అంచు పొడవు తగ్గి, గాలిలో ఉన్న ముక్కు టపటప కొట్టుకుంటుంది. రెండు సార్లు దిగి తీసి పక్కన పెట్టాను. ఇది ఆ స్కీ లోపం కాదు, దాన్ని తీసుకువెళ్లకూడని చోటికి తీసుకువెళ్లడం నా లోపం.

ఫిబ్రవరిలో ఒక శనివారం స్టీవెన్స్ పాస్‌లో కథ తిరగబడింది. రాత్రంతా కురిసి తెల్లవారేసరికి అడుగు లోతు కొత్త మంచు, అదీ పిడికిట్లో నొక్కితే నీళ్లూరే మంచు. ఇలాంటి రోజున పాత జత ముక్కు మంచు కిందికి దూరిపోతుంది, దాన్ని పైకి తేవడానికి వెనక్కి వాలితే తొడలు మండుతాయి, ముందుకు వాలితే బోర్లా పడతారు. నేను రెండూ చేశాను. 108 జత మీద ఆ బేరమే లేదు. మామూలుగా నిలబడి, బరువును పాదాల నడుమనే ఉంచుకుని, కొద్దిగా మడమ తిప్పితే చాలు, తోక పక్కకు జారి మలుపు పూర్తవుతుంది. ముక్కూ తోకా పైకి వంగి ఉండడం వల్ల ఏ కొసా మంచులో చిక్కుకోదు. అయితే కొత్త మంచులో తేలడం పెద్ద విశేషం కాదు, ఈ వెడల్పు స్కీ ఏదైనా తేలుతుంది.

అసలు విశేషం పదకొండు దాటాక బయటపడింది. అప్పటికి వందల మంది దిగి ఆ మంచును కుప్పలుగా, గాడులుగా దున్నేశారు. బరువైన మంచు కనుక ఆ కుప్పలు పొడిలా చెదరవు, మట్టిబెడ్డల్లా నిలబడి ఉంటాయి. తేలికైన వెడల్పు స్కీలు అద్దెకు తెచ్చుకుని ఇలాంటి వేళ నేను పడిన అవస్థ గుర్తుంది. ప్రతి కుప్ప స్కీని ఒక పక్కకు నెట్టేది. వంటింటి కాటా మీద తూచితే ఈ 108 ఒక్కొక్కటి, బైండింగ్ లేకుండా, 2,150 గ్రాములు ఉంది. ఆ బరువు, ఆ వెదురు బిగువు ఇక్కడ అక్కరకొచ్చాయి. కుప్పను చూసి దారి మార్చుకోవలసిన పని తప్పింది. స్కీ దాని మీదుగా కోసుకుంటూ పోయింది, తగిలిన దెబ్బ చెవికి వినిపించింది గానీ కాలికి అంతగా అందలేదు. గట్టి మంచు మీద రేకు లేకపోవడం లోటుగా తోచిన నాకే ఇక్కడ అది గుర్తుకు రాలేదు. సాయంత్రం నాలుగు దాకా జత మార్చలేదు, పద్ధతి ప్రకారం మార్చవలసి ఉన్నా మార్చలేదు.

చెట్ల మధ్య మాత్రం 108 కాస్త ముందుచూపు కోరుతుంది. దగ్గర దగ్గర మలుపుల్లో దాని బరువు తెలుస్తుంది. లిఫ్ట్ మీద వేలాడే కాళ్లకు కూడా తెలుస్తుంది. వసంతకాలపు నీటి మంచులో రెండు జతలూ బాగానే నడిచాయి, అక్కడ స్కీ కన్నా దాని బేస్‌కు రాసే మైనం ముఖ్యం.

మన్నిక గురించి ఒక ముక్క. మార్చి చివర మంచు పలచబడిన చోట 108 ఎడమ స్కీ దాగిన రాయి మీదికి ఎక్కింది. బేస్ మీద వేలెడు పొడవున గాటు పడింది, ఉక్కు అంచు మీద గీత పడింది కానీ అంచు ఊడలేదు, వంగలేదు. ఈ కార్ఖానా మామూలు కన్నా లావు అంచులు వాడుతుందని చదివినప్పుడు ప్రచారమనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నల్ల పాలిథిలిన్ కడ్డీని కొవ్వొత్తిలా వెలిగించి, బొట్టు బొట్టుగా గాటు నింపి, చల్లారాక చెక్కితే అరగంటలో పని అయిపోయింది.

ధర జతకు 900 డాలర్ల పైమాట, బైండింగులు కాక. మొన్నామధ్య వచ్చిన అమ్మ గరాజ్‌లో వాటిని చూసి, "ఈ రెండు చెక్కలకా నాయనా అంత పోశావు" అంది. 92 జత విషయంలో అమ్మ మాట కొట్టిపారేయలేను. నున్నగా దువ్విన వాలు మీద గడిపే రోజులకు పెద్ద కంపెనీల లోహపు స్కీలు సీజన్ చివరి తగ్గింపులో చాలా తక్కువకు వస్తాయి, ఆ పని మెరుగ్గా చేస్తాయి, అంచు సానపట్టి మరీ ఇస్తాయి. 108 విషయంలో మాత్రం ఆ డబ్బుకు నాకు విచారం లేదు. నెలకు ఒక్కసారి కాకుండా ప్రతి వారాంతం కొండకు వెళ్లేవారికి, అదీ ఇక్కడి తడిమంచుకే వెళ్లేవారికి, అంతకన్నా నమ్మకమైన జత నేను ఇంతవరకు తొడగలేదు. కొనేవారు పెట్టె విప్పగానే బేస్ మీద స్కేలు పెట్టి చూసుకోవాలి, బైండింగులు బిగించకముందే.

92 జతను ఏప్రిల్‌లో అమ్మేశాను. కొన్న కుర్రాడికి గ్రైండింగ్ బిల్లు కూడా చేతికిచ్చి, అసలు సంగతి చెప్పే అమ్మాను. అతను కూడా స్కేలు అడిగి తీసుకుని చూసుకున్నాడు.