కొబ్బరి చిప్ప బొగ్గు క్యాండిల్: చాలాకాలం వాడాక తేలినవి

నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన పోవడానికి కార్బన్ క్యాండిల్ కొంటున్నారా? కళ్లు మూసుకుని కొనండి. బ్యాక్టీరియాను పీల్చేస్తుందన్న మాట నమ్మి కొంటుంటే మాత్రం ఆగండి.

మేం వాడేది 10 అంగుళాల హౌసింగుల (క్యాండిల్ కూర్చునే గొట్టాల్లాంటి డబ్బాలు) జత. మొదటిదాంట్లో 5 మైక్రాన్ల స్పన్ క్యాండిల్ (మట్టిని ఆపే పీచు వడపోత), రెండోదాంట్లో కొబ్బరి చిప్పల బొగ్గు పొడిని గట్టి దిమ్మగా అచ్చొత్తిన కార్బన్ బ్లాక్. స్పన్ లేకుండా నడిపితే మట్టి పట్టి బ్లాక్ త్వరగా మూసుకుపోతుంది. గుళికల రకం క్యాండిల్ చవకే కానీ, నీళ్లు అందులో దారి చేసుకుని ఒకే వైపు నుంచి జారిపోతాయి. ఆ పక్కనున్న బొగ్గంతా వృథా. అందుకే బ్లాకే నయం.

వంట బొగ్గు దీనికి పనికిరాదు. చిప్పల బొగ్గును 800 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరితో గుల్ల చేస్తారు. అప్పుడు ఒక్క గ్రాములోనే దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం తేలుతుంది. పురుగుమందుల అవశేషాలు, వాసన, రంగు తెచ్చే పదార్థాలు ఆ గోడలకు అంటుకుంటాయి. క్లోరిన్ మాత్రం అంటుకోదు, బొగ్గుతో చర్య జరిపి క్లోరైడ్‌గా మారిపోతుంది.

బ్యాక్టీరియా సంగతి వేరు. ఈ రంధ్రాల్లో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల లోపువే. బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్ (1000 నానోమీటర్లు), అంటే అయిదొందల రెట్లు పెద్దది. లోపలికి దూరలేక పైనే కూర్చుంటుంది. అక్కడ అంటుకున్న సేంద్రియ పదార్థమే దానికి తిండి, చంపే క్లోరిన్‌ను బొగ్గే తీసేసింది. ఇక పెరగక ఏం చేస్తుంది? వెండి పూత ఉన్న క్యాండిల్ ఆ పెరుగుదలను కొంత తగ్గిస్తుందే తప్ప నీళ్లను శుద్ధి చేయదు. కాబట్టి కార్బన్ తర్వాత యూవీ దీపం (సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత కాంతి) తప్పనిసరి, లేదంటే తెర్లే దాకా కాచి ఒక నిమిషం ఉంచాలి. వడకట్టిన నీళ్లను ట్యాప్ ఉన్న మూత డబ్బాలోనే పెట్టి, ఆ రోజుకారోజు తాగేయడం మంచిది.

కొత్త క్యాండిల్ వేశాక మొదటి 10, 15 లీటర్లు నల్లగా వస్తాయి, మొక్కలకు పోయండి. ధార సన్నగా పెట్టాలి, నిమిషానికి రెండు లీటర్లు మించితే బొగ్గుకు పనిచేసే సమయం చిక్కదు. ఊరెళ్లి వస్తే హౌసింగులో నిలిచిన నీళ్లు తాగొద్దు, కొన్ని నిమిషాలు వదిలేయండి. వేడి నీళ్లు అసలు పంపకూడదు.

ఎప్పుడు మార్చాలో నాలుకకు ఆలస్యంగా తెలుస్తుంది. ఓటీఓ (క్లోరిన్ ఉంటే నీళ్లను పసుపు చేసే మందు) చుక్కల సీసా దగ్గర పెట్టుకోండి. క్యాండిల్‌కు ముందరి నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు వచ్చి, దాటి వచ్చిన తర్వాతి నీళ్లలో రాకపోతే క్లోరిన్ వరకు పని చేస్తున్నట్టే. తర్వాతివీ పసుపెక్కితే బ్లాక్ అయిపోయింది. రంగు రాకున్నా ఆరు నెలలకు మార్చేయాలి, ఎందుకంటే పురుగుమందుల విషయంలో నిండిందో లేదో ఇంట్లో తేల్చే దారి లేదు. కడిగి ఎండబెడితే మళ్లీ పనిచేస్తుందని చెప్పేవాళ్లున్నారు. ఎండ వేడి దానికి ఏమాత్రం చాలదు.

బోరు నీళ్ల వాళ్లకు ఒక మాట. ఉప్పదనం, నైట్రేట్, నల్గొండ వైపు ఉండే ఫ్లోరైడ్, ఇవేవీ ఈ బొగ్గుతో పోవు. వాటికి ఆర్‌ఓ (ఒత్తిడితో నీళ్లను సన్నటి పొర గుండా పంపే ఫిల్టర్) కావాలి. ఆర్‌ఓ పెట్టినా నల్లా నీళ్లయితే మెంబ్రేన్‌కు (ఆ పొరకు) ముందు కార్బన్ ఉండాల్సిందే, పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఆ పొరను క్లోరిన్ తినేస్తుంది.