మళ్లీ మళ్లీ చూశాక నిలబడినవి

సలార్‌లో కాటేరమ్మ ఫైట్ మా ఇంట్లో ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. సినిమా వచ్చింది 2023 డిసెంబర్‌లో. ఇప్పటికీ ఆదివారం భోజనాలయ్యాక మా ఆయన చేతికి రిమోట్ దొరికితే ముందు వెళ్లేది అక్కడికే. మా వాడు కల్కిలో మాట్లాడే కారు బుజ్జి దగ్గరికి వెళ్తాడు. అత్తగారు సంక్రాంతికి వస్తున్నాం పెట్టమంటారు. అందరూ పడుకున్నాక నా వంతు. ఇలా ఈమధ్య వచ్చిన యాక్షన్, కామెడీ, సైన్స్ ఫిక్షన్ సినిమాలు ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా, సగంలోంచి చివరికి, చివర్నించి మొదటికి చూస్తూనే ఉన్నాను. థియేటర్లో ఈలల మధ్య చూసినవి కొన్ని, ఓటీటీలోకి వచ్చాకే చూసినవి కొన్ని. మిక్సీనో గ్రైండర్నో అరిగేదాకా వాడి చెప్పినట్టు వీటి గురించి చెబుతాను. కథలు దాచడం కుదరదు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు సలార్ సంగతే. థియేటర్లో నాకు సగమే ఎక్కింది. కథ నడిచే ఖాన్సార్ అనే కల్పిత నగరంలో ఎవరు ఎవరి కొడుకు, ఏ తెగ ఎవరిది, ఆ సీజ్‌ఫైర్ ఓటింగ్ గొడవేంటి అన్నది తేలేలోపే సినిమా అయిపోయింది. ఇంట్లో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూస్తే ఆ చిక్కు విడిపోయింది. విడిపోయాక మళ్లీ దాని జోలికి వెళ్లాలనిపించలేదు. ఇప్పటికీ నన్ను కూర్చోబెట్టేది అస్సాంలో తిన్సుకియా దగ్గర జరిగే మొదటి భాగం. ప్లాస్టిక్ కత్తి చూసినా వణికిపోయే తల్లి, ఆవిడ మాట దాటని కొడుకు. ఈశ్వరీ రావు ఒక్క చూపుతో ప్రభాస్‌ని ఆపేస్తుంటారు. అంత మనిషి చేతులు కట్టేసినట్టు నిలబడి ఉంటే మన ఒళ్లు బిగుసుకుంటుంది. కొడతాడని తెలుసు, ఎప్పుడు కొడతాడో కూడా ఇప్పుడు తెలుసు, అయినా ఆ టెన్షన్ తగ్గలేదు. ఒక్కటే ఫిర్యాదు: సినిమా మొత్తం నల్లగా, మసగ్గా ఉంటుంది. పగలు కర్టెన్లు వేయకపోతే మా టీవీలో మా మొహాలే కనిపిస్తాయి.

సరిపోదా శనివారంలోనూ ఆపేది అమ్మే. కోపాన్ని వారానికి ఒక్కరోజుకి కుదించుకోమని తల్లి మాట తీసుకుంటుంది, కొడుకు శనివారం ఎంచుకుంటాడు. మిగతా ఆరు రోజులు ఎల్ఐసీ ఏజెంటు. ఎవరిమీద కోపం వచ్చిందో రాసుకుని, శనివారం వచ్చేసరికి ఆ కోపం ఇంకా ఉందా లేదా చూసుకుని అప్పుడు బయల్దేరతాడు. వివేక్ ఆత్రేయ రాసుకున్న ఈ ఒక్క నియమం మూడు గంటల సినిమాని మోసింది. నిజానికి రెండోసారి నుంచి నేను చూసేది ఎస్.జె.సూర్య కోసం. అన్న మీద కోపాన్ని సోకులపాలెం జనం మీద తీర్చుకునే సీఐ దయానంద్. నాని కోపానికి రోజు ఉంది, ఈయన కోపానికి వేళాపాళా లేదు. ఆయన స్టేషన్‌లోంచి బయటికి వస్తుంటే కాలనీలో తలుపులు మూసుకుపోతాయే, ఆ భయం నిజంగా ఉన్న భయం. లవ్ ట్రాక్ మాత్రం ప్రతిసారీ ముందుకు జరిపేస్తాను. సెకండాఫ్‌లో ప్లాన్లు వేసుకోవడం కూడా కాస్త ఎక్కువే.

హనుమాన్ గురించి మా ఇంట్లో రెండు పార్టీలు. 2024 సంక్రాంతికి వచ్చినప్పుడు థియేటర్లో క్లైమాక్స్‌కి జనం లేచి నిలబడి దండాలు పెట్టారు. ఇంట్లో చూస్తే ఆ క్లైమాక్స్ సగానికి సగం తగ్గిపోయింది. దానికి ఆ తెర, ఆ జనం, ఆ హోరు కావాలి. మిగిలింది అంజనాద్రి ఊరు. చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడికి మణి దొరుకుతుంది, అది ఎండ ఉన్నప్పుడే పనిచేస్తుంది. పొద్దుగూకితే మళ్లీ మామూలు మనిషే. ఈ చిన్న షరతు వల్ల ఫైట్లలో ఆకాశం వైపు కూడా చూస్తుంటాం. 71వ జాతీయ అవార్డుల్లో ఈ సినిమాకి స్టంట్ల విభాగంలోనూ, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలోనూ గుర్తింపు వచ్చింది. నాకు మాత్రం శక్తులేవీ లేని వరలక్ష్మి కొబ్బరికాయలతో రౌడీలను వాయించే ఫైటే ఎక్కువిష్టం. మా వాడికి కోతికి రవితేజ చెప్పిన డబ్బింగ్.

పుష్ప 2 పొడవు గురించి అందరూ మాట్లాడేశారు. మూడు గంటల ఇరవై నిమిషాలు చాలదన్నట్టు 2025 జనవరిలో ఇంకో ఇరవై నిమిషాలు కలిపారు. మొదట్లో వచ్చే జపాన్ ఫైట్ ఎన్నిసార్లు చూసినా ఈ సినిమాకి ఎందుకో అర్థం కాదు, నేను అక్కడ టీ పెట్టుకుంటాను. గంగమ్మ జాతరకి మాత్రం తిరిగి వచ్చి కూర్చుంటాను. తిరుపతి వైపు వాళ్లకి మగవాళ్లు ఆడవేషం కట్టడం కొత్తేం కాదు. మాతంగి వేషం చూసి పెరిగిన నా స్నేహితురాలు ఒకావిడ, చీర కట్టు, నడక చూసి ‘మా ఊరి నడకే’ అంది. అది చాలు అల్లు అర్జున్‌కి. ఓజీ మాత్రం నాకు పాటల ఆల్బమ్‌గానే మిగిలింది. తమన్ మ్యూజిక్ వింటూ గిన్నెలు కడుక్కోవచ్చు, తెరవైపు చూడనక్కర్లేదు. హీరో ఓజస్ గంభీరని ఎవరూ ఏమీ చేయలేరని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేశాక ఇంకేం చూడాలి? ఫ్యాన్స్ నన్ను క్షమించాలి. మిరాయ్‌లో పెద్ద పక్షి వచ్చే సీను బాగుంది, మనోజ్ బాగున్నాడు, మిగతాది ఇంకోసారి చూసి చెబుతాను.

ఇక్కడ సౌండ్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో దీనికే ఎక్కువ గొడవలవుతాయి. యాక్షన్ సినిమాల్లో మాటలు గుసగుసలు, బీజీఎం పిడుగులు. రాత్రి పదకొండుకి చూడాలంటే రిమోట్ చేతిలోనే ఉండాలి. మాట వస్తే పెంచాలి, హీరో మెల్లగా వెనక్కి తిరిగితే వెంటనే తగ్గించాలి, లేకపోతే పక్క గదిలోంచి అత్తగారి దగ్గు వినిపిస్తుంది. చివరికి తెలుగు సినిమాకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసే పరిస్థితి. మన సినిమాకి తెలుగు అక్షరాల్లో సబ్‌టైటిల్స్ ఇవ్వడానికి వీళ్లకేం నొప్పో! మేం డబ్బు కడుతున్న యాప్ ఒకటి ఈమధ్య ఫైట్ మధ్యలో గోల్డ్ లోన్ ప్రకటన వేస్తోంది. విలన్ కత్తి ఎత్తాక బంగారం తాకట్టు గురించి వింటే ఆ కత్తికి విలువేం ఉంటుంది.

కామెడీకి ఈ బాధలేవీ లేవు, చిన్న టీవీలో తక్కువ సౌండ్‌తో కూడా నవ్వు వస్తుంది. అయితే కామెడీ అరిగే తీరు వేరు. మత్తు వదలరా 2లో మొదటిసారి పగలబడి నవ్విన చోట్లు చాలావరకు వేరే సినిమాల మీద వేసిన సెటైర్లు, మీమ్ డైలాగులు. రెండేళ్లు తిరిగేసరికి వాటిలో సగం పాతబడ్డాయి. మా వాడైతే ‘ఇందులో నవ్వేదేముంది’ అని అడుగుతాడు. సత్య మాత్రం పాతబడలేదు. భయపడుతూ ధైర్యం నటిస్తాడే, ఆ నడుము తిప్పడం, ఆ మెడ లోపలికి లాక్కోవడం. మాట ఆపేసి చూసినా నవ్వొస్తుంది. హీ టీమ్ అనే దర్యాప్తు సంస్థలో చేరిన సత్య, శ్రీసింహా ఇద్దరూ దొంగల దగ్గర పట్టుకున్న డబ్బులోంచి కాస్త నొక్కేస్తుంటారు. వాళ్ల తెలివి అక్కడివరకే, అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ తెలివి ఎక్కడా చూపించరు. అందుకే కథ ఎంత అడ్డదిడ్డంగా పోయినా వాళ్లు నిలబడ్డారు. శ్రీసింహా తక్కువ చేయడమే ఎక్కువ పనిచేసింది. సెకండాఫ్‌లో సూపర్‌స్టార్ గొడవ వచ్చాక ఊపు తగ్గుతుంది, వెన్నెల కిషోర్ ఉన్నా సరే.

సంక్రాంతికి వస్తున్నాం మా అత్తగారి సినిమా. 2025 మార్చి ఒకటిన టీవీలోనూ ఓటీటీలోనూ ఒకేసారి వచ్చింది కదా, ఆ రోజు నుంచి ఆవిడకి అదే. నేను మొదట ముక్కు విరిచాను, ఆ కిడ్నాప్ కథ, ఆ కాల్పులు చూసి. ఇప్పుడూ అవి అలాగే ఉన్నాయి, నాసిగా. కానీ ఇల్లరికం అల్లుడిగా హాయిగా ఉన్న మాజీ పోలీసు, అతన్ని ఒంటరిగా పంపనని పెట్టె సర్దుకుని వెంట బయల్దేరిన భార్య, పక్కన పాత ప్రేయసి. సలార్‌లో తల్లి చేసిన పనే ఇక్కడ భార్య భాగ్యంగా ఐశ్వర్య రాజేష్ చేస్తుంది. తుపాకీ పేల్చాల్సిన మనిషి ముందు పెళ్లానికి సంజాయిషీ చెప్పుకోవాలి. వెంకటేష్ ఆ ఇరుక్కుపోయిన మొహం పెట్టడంలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. మా అత్తగారు భాగ్యం మాట్లాడే ప్రతి మాటకీ ‘మరి అడగదూ’ అంటారు. ఓటీటీ చూసి బూతులు నేర్చిన బుల్లిరాజు మాత్రం ఆవిడకి నచ్చడు. మా వాడు నేర్చుకుంటాడని భయం. వాడు నేర్చేసుకున్న సంగతి ఇంకా తెలియదు.

ఓం భీమ్ బుష్ ఫస్టాఫ్ వరకు బంగారం. డాక్టరేట్ ఇచ్చి మరీ వదిలించుకోబడ్డ ముగ్గురు వెధవలు భైరవపురంలో సైంటిస్టులమని దుకాణం తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దెయ్యం వచ్చాక సీరియస్ అయిపోతుంది. లిటిల్ హార్ట్స్ చిన్న సినిమా, ఎంసెట్ తప్పి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో మగ్గినవాళ్లకి సొంత ఆల్బమ్ తిరగేసినట్టే. మాకు తెలిసిన కోచింగ్ కుర్రాళ్లందరూ అందులో ఉన్నారు.

నా రాత్రి వంతుకి వస్తాను. ఒకే ఒక జీవితం 2022లో వచ్చింది, కాబట్టి ఈమధ్య వచ్చినవాటిలో అన్నిటికంటే పాతది. టైమ్ మెషీన్ ఉంది, పెద్ద హంగులేం లేవు. ముగ్గురు స్నేహితులు 1998కి వెళ్తారు. శర్వానంద్ చనిపోయిన తల్లిని ప్రమాదం నుంచి తప్పించాలని, వెన్నెల కిషోర్ చిన్నప్పటి తనకి బుద్ధి చెప్పి చదివించాలని, ప్రియదర్శి ప్రేమ సంగతి తేల్చుకోవాలని. వెళ్లాక తెలుస్తుంది, యంత్రం కాలంలోకి తీసుకెళ్లగలదు గానీ జరిగేదాన్ని ఆపలేదని. ఆ ఒక్క మాట దర్శకుడు శ్రీకార్తీక్ చివరిదాకా తప్పలేదు. మొదటిసారి చూసినప్పుడు అమల బతుకుతుందేమోనని చూశాను. ఇప్పుడు బతకదని తెలిసి చూస్తాను, కొడుకు కొత్తవాడిలా వచ్చి అమ్మ ముందు నిలబడే సీను మరింత బరువుగా ఉంటుంది. సిరివెన్నెల రాసిన ‘అమ్మా’ పాట మొదలైతే ఫోన్ పక్కన పెట్టేస్తాను. ముగ్గురూ వెళ్లిన చోటినుంచి చిన్నప్పటి ముగ్గురు పిల్లలు ఇటు వచ్చి పడటం వల్ల నవ్వుకీ లోటు లేదు.

కల్కి 2898 ఏడీ దీనికి పూర్తిగా అవతలి గట్టు. 2024 జూన్ 27న మొదటి ఆటకి వెళ్లాం, బయటికి వచ్చేసరికి చెవులు గుయ్యిమంటున్నాయి. నాగ్ అశ్విన్ కట్టిన ఆ కాశీ ఇప్పటికీ అబ్బురమే: ఎండిపోయిన గంగ, నెత్తిమీద తిరగేసిన పిరమిడ్‌లా కాంప్లెక్స్, నీళ్లకీ కూరగాయలకీ మొహం వాచిన జనం. ఆపి చూస్తే గోడల మీద, సందుల్లో ఎన్నో చిన్న వివరాలు దొరుకుతాయి. అద్దె కోసం తిరిగే బ్రహ్మానందం కూడా ఆ ఊరి మనిషిలాగే కనిపిస్తాడు. విచిత్రంగా, ఇందులో నాకు రోజులు గడిచేకొద్దీ పెరిగింది కమల్ హాసన్ చివరి సీను. పేదల రక్తం తాగే యాస్కిన్ నోట శ్రీశ్రీ జగన్నాథ రథచక్రాలు పలికించడం! ఎవరి కోసం రాసిన మాటలు, ఎవరి నోట వస్తున్నాయి. థియేటర్లో అరుపుల్లో నాకు అది సరిగ్గా వినపడనేలేదు.

ప్రభాస్ వేసిన భైరవ దగ్గరే చిక్కు. మొదటి గంటలో అతను ఎందుకు గెలుస్తాడో, ఎప్పుడు ఓడతాడో ఏ లెక్కా లేదు. యూనిట్లు, అంటే అక్కడి డబ్బు, సంపాదించి కాంప్లెక్స్‌లోకి పోవాలన్న ఆశ తప్ప అతన్ని ఆపేది లేదు. అందుకే ఆ ఫైట్లు ఇప్పుడు చూస్తుంటే చేతులు ఫోన్ మీదకి పోతాయి. కీర్తి సురేష్ గొంతుతో బుజ్జి వెక్కిరించినప్పుడే కాస్త ప్రాణం వస్తుంది. అదే అశ్వత్థామ తెరమీదకి రాగానే సినిమా నడకే మారిపోతుంది. చావు లేకపోవడం వరం కాదు, శాపం. వేల ఏళ్లు ఒక్క పని కోసం కాచుకున్న ముసలాయన. అమితాబ్ కళ్లలో ఆ అలుపు ఉంది. ఆయన దెబ్బలు తింటుంటే ఆయన చావడని తెలిసీ బాధేస్తుంది.

ఈ సినిమాకి ముందుండి సలహాలిచ్చిన సింగీతం శ్రీనివాసరావుగారి ఆదిత్య 369ని 2025 ఏప్రిల్‌లో 4కేలో మళ్లీ విడుదల చేస్తే మా వాడిని తీసుకెళ్లాను. 1991 నాటి సెట్లు చూసి నవ్వుతాడనుకున్నా. ఎక్కినవాళ్లు ఎక్కడికి పోతారో వాళ్లకే తెలియని ఆ యంత్రం 1526లో రాయలవారి దగ్గర ఒకసారి, 2504లో ఒకసారి దింపుతుంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇంటికొచ్చి, బుజ్జి కూడా మధ్యమధ్యలో చెడిపోతే బాగుండును కదమ్మా అన్నాడు.

కల్కి రెండో భాగంలో దీపిక ఉండదని నిర్మాతలు చెప్పేశారు, సుమతి కథ ఎలా నడుపుతారో చూడాలి. నా ఆశంతా భైరవ మీదే. మొదటి భాగం చివర్లో అతనే కర్ణుడని తేల్చారు. కర్ణుడి చావుకి కారణాలెన్నో అని మనకి సామెతే ఉంది: పరశురాముడి శాపం, బ్రాహ్మడి శాపం, తల్లికిచ్చిన మాట, ఇంద్రుడు పట్టుకుపోయిన కవచం. భైరవని ఆపడానికి నాగ్ అశ్విన్ కొత్తగా ఏదీ కల్పించక్కర్లేదు, ఇవన్నీ ఎప్పుడో రాసిపెట్టి ఉన్నాయి. వాటిలో ఏ రెండిటినో గట్టిగా పట్టుకుంటే, మా వాడు బుజ్జి సీన్లు దాటి మిగతా సినిమా కూడా చూస్తాడు.