ది బిగ్ వెడ్డింగ్: దొరికిపోతామన్న టెన్షనే లేని అబద్ధం

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. 2013లో వచ్చిన హాలీవుడ్ కామెడీ ‘ది బిగ్ వెడ్డింగ్’కి ఒక్క అబద్ధమే దొరికింది. దాన్ని సరిగ్గా వాడుకుంటే గంటన్నర సినిమా కడుపుబ్బ నవ్వించేది. రాబర్ట్ డి నీరో, డయాన్ కీటన్, సుసాన్ సరాండన్, రాబిన్ విలియమ్స్. నటనకు వీళ్ళందరికీ కలిపి ఐదు ఆస్కార్లున్నాయి. ఆ పేర్ల మీద నమ్మకంతోనే ఇన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ చూశాను. మొదటిసారి నవ్వు రాని చోట ఆ తర్వాత కూడా రాలేదు.

డాన్ (డి నీరో), ఎలీ (కీటన్) ఎప్పుడో విడాకులు తీసుకున్నారు. డాన్ ఇప్పుడు బీబీ (సరాండన్)తో ఉంటున్నాడు. బీబీ ఎవరో కాదు, ఎలీకి ఒకప్పటి ప్రాణ స్నేహితురాలు. డాన్, ఎలీల పెంపుడు కొడుకు అలెహాండ్రో పెళ్ళికి కొలంబియా నుంచి అతని కన్నతల్లి వస్తోంది. ఆవిడ నిష్ఠగల కాథలిక్, విడాకులంటే అస్సలు పడదు. అందుకని పెళ్ళి అయ్యేదాకా డాన్, ఎలీ భార్యాభర్తల్లా నటించాలి. బీబీ పక్కకు తప్పుకోవాలి.

ఎంత చక్కటి పాయింట్! ఇలాంటి కథకు ప్రాణమంతా భయంలో ఉంటుంది. ఎవరో నోరు జారబోవాలి, ఇంకొకరు సర్దబోయి ఇంకా పెద్ద చిక్కులో పడాలి, చూసే మనకు ఊపిరి బిగపట్టినట్టుండాలి. అప్పుడు చిన్న మాటకే నవ్వు పేలుతుంది. ఇక్కడ ఆ కన్నతల్లికి అనుమానమే రానివ్వరు. కథలో అందరూ భయపడాల్సిన మనిషిని తీసుకొచ్చి ఓ మూల కూర్చోబెట్టారు. ఆవిడ ఏం కనిపెడుతుందోనన్న బెంగ లేనప్పుడు ఎంత నటిస్తే ఏం లాభం?

ఆ ఖాళీని బూతుతో నింపారు. సినిమా మొదలవగానే ఎలీ ఇంట్లోకి అడుగుపెడితే వంటగదిలో డాన్, బీబీ చూడకూడని స్థితిలో ఉంటారు. తర్వాత కన్నతల్లితో వచ్చిన అలెహాండ్రో చెల్లెలు అందరి ముందూ బట్టలు విప్పేసి నీళ్ళలో దూకుతుంది. చూసేవాళ్ళు ఉలిక్కిపడతారు, అంతే. పైగా ఈ గోల మధ్యలోనే డాన్, ఎలీల కూతురు లైలా పిల్లలు పుట్టడం లేదన్న దిగులుతో భర్తకు దూరమై వస్తుంది. క్యాథరిన్ హైగల్ బాధగానే చేసింది, కానీ ముందూ వెనకా ఆ జోకులుంటే ఎవరి మనసు కరుగుతుంది?

సరాండన్‌ను మాత్రం మెచ్చుకోవాలి. ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇంట్లో తానే పరాయిదైపోయిందని బీబీకి తెలిసినప్పుడు ఆమె ముఖంలో కోపం కన్నా అవమానం ఎక్కువ కనిపిస్తుంది. కథను బీబీ వైపు నుంచి చెప్పి ఉండాల్సింది. చర్చి ఫాదర్‌గా వేసిన రాబిన్ విలియమ్స్‌కు అసలు పనే ఇవ్వలేదు. అంతటి హాస్యనటుడి చేత మామూలు డైలాగులు చెప్పించి పంపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇది 2006లో వచ్చిన ఒక ఫ్రెంచ్ భాషా చిత్రానికి రీమేక్. అందులో కుర్రాడి కన్నతల్లి వియత్నాం నుంచి వస్తుంది. ఇక్కడ ఆమెను కొలంబియాకు మార్చి, కొడుకు వేషానికి ఆంగ్లేయుడైన బెన్ బార్న్స్‌ను తీసుకున్నారు. అతను కొలంబియాలో పుట్టినవాడంటే నమ్మడం కష్టం.

పెళ్ళి సినిమా కదా అని ఇంటిల్లిపాదీ కూర్చుని పెట్టుకోకండి. అమెరికాలోనే దీనికి ఆర్ రేటింగ్ (పదిహేడేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళు వెంట లేకుండా చూడకూడదని) ఇచ్చారు. సరాండన్ అంటే ఇష్టమున్నవాళ్ళు బీబీ సీన్ల కోసం ఒకసారి చూడొచ్చు.