టీడీఎస్ మీటర్ చెప్పనిది ఈ చుక్కల కిట్ చెప్పింది

గట్టి నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ మెషీన్ పెట్టించిన ఐదో నెలకే షవర్ రంధ్రాలకు మళ్లీ తెల్లగా పట్టడం మొదలైంది. సర్వీస్‌కి వచ్చినతను జేబులోంచి పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చూపేది) తీసి, కుళాయి నీళ్లలో ఒకసారి, సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీళ్లలో ఒకసారి ముంచాడు. "చూడండి, లోపలికి వెళ్లేదీ 520, బయటికి వచ్చేదీ 520. రెసిన్ పోయిందండీ, మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. రెసిన్ అంటే సాఫ్ట్‌నర్ లోపల నీళ్లను మెత్తబరిచే పూసలు. కళ్లముందు నంబర్ కనబడుతుంటే నేనూ నమ్మేశాను. రెండు రోజులు అదే టెన్షన్. అప్పుడు కొన్నాను ఈ హార్డ్‌నెస్ (నీళ్ల గట్టిదనం, అంటే అందులోని కాల్షియం, మెగ్నీషియం) టెస్ట్ కిట్. ఇప్పటికి ఆరు నెలలైంది, వాడని వారం లేదు.

పెట్టెలో పెద్దగా ఏమీ ఉండదు. 5 మిల్లీలీటర్ల దగ్గర గీత ఉన్న చిన్న గాజు గొట్టం, రంగు వచ్చే మందు ఒక సీసా, చుక్కలు వేసే మందు ఇంకో సీసా, ఒక కాగితం. గీత దాకా నీళ్లు పోసి రంగు మందు వేస్తే నీళ్లు ముదురు గులాబీ రంగుకి తిరుగుతాయి. తర్వాత రెండో సీసాలోంచి ఒక్కో చుక్కా వేస్తూ, మూత పెట్టి తిప్పుతూ లెక్కపెట్టాలి. గులాబీ కాస్తా ఊదా అవుతుంది, ఆ తర్వాత ఒక్క చుక్కతో శుభ్రమైన నీలంలోకి మారిపోతుంది. అక్కడ ఆపాలి. నా కిట్‌లో చుక్కకు 17.8, అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేట్ లెక్కన. రెండో సీసాలో ఉండేది ఈడీటీఏ అనే రసాయనం. రంగు మందు పట్టుకుని ఉన్న కాల్షియం, మెగ్నీషియంలను అది లాగేసుకుంటుంది, మొత్తం లాగేశాక రంగు మారుతుంది.

మా కుళాయి నీళ్లకి 19 చుక్కలు పట్టాయి, అంటే సుమారు 338. 180 దాటితేనే చాలా హార్డ్ కింద లెక్క. సబ్బు ఎంత రుద్దినా నురగ రాకపోవడం, బకెట్ అంచున జిడ్డు తెట్టు, కెటిల్ అడుగున పెచ్చులు, అన్నిటికీ కారణం దొరికింది. సాఫ్ట్‌నర్ నీళ్లకేమో 17 చుక్కలు. అంటే అది పని చేయడం లేదన్న మాట నిజమే, కానీ రెసిన్ పోయిందన్న మాట నిజం కాదు. ఉప్పు ట్యాంక్ మూత తీసి కర్రతో పొడిచి చూస్తే పైన ఉప్పంతా అట్టలా గడ్డకట్టి ఉంది, దాని కింద ఖాళీ. ఉప్పు కరగకపోతే ఉప్పునీరు తయారవదు, అది లేకపోతే రెసిన్ శుభ్రపడదు. ఆ అట్ట పగలగొట్టి, కొన్ని గంటలు ఆగి, రీజెనరేషన్ (ఉప్పునీటితో రెసిన్‌ను శుభ్రం చేసే) బటన్ నొక్కాను. మర్నాడు మళ్లీ కిట్ తీస్తే మొదటి చుక్కకే నీలం! అదే నీళ్లలో టీడీఎస్ మీటర్ పెడితే మాత్రం మళ్లీ 520 చుట్టుపక్కలే చూపించింది.

ఇది అందరికీ తెలియాలని గట్టిగా చెబుతున్నాను. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని ఆ చోట సోడియం ఇస్తుంది. కరిగి ఉన్న లవణాల మొత్తం దాదాపు అంతే ఉంటుంది. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్నొక గుణకంతో నంబర్‌గా మార్చి చూపిస్తుంది. ఏ లవణం ఉందో దానికి తెలియదు. సాఫ్ట్‌నర్ బాగుందో లేదో ఆ మీటర్‌తో చెప్పేవాళ్ల మాట మీద రెసిన్ మార్పించకండి. ఆర్‌ఓ మెషీన్ సంగతి వేరు, అది లవణాలనే ఆపుతుంది కాబట్టి అక్కడ మీటర్ పనికొస్తుంది.

ఇంకో విషయం కూడా ఈ లెక్క వల్లే తెలిసింది. హార్డ్‌నెస్ 100 తీసేస్తే లీటరుకు సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం నీళ్లలోకి వస్తుంది. నా 338కి లీటరుకు దాదాపు 155. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఇంట్లో ఉంటే ఇది చిన్న విషయం కాదు, అందుకే తాగే నీళ్ల కుళాయిని సాఫ్ట్‌నర్ లైన్ నుంచి తప్పించాను. హార్డ్‌నెస్ ఆరోగ్యానికి హాని అని చాలామంది భయపడతారు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆరోగ్య కారణంతో ఎలాంటి పరిమితీ పెట్టలేదు. అది గీజర్‌నీ పైపులనీ పాడుచేసే సమస్య.

చిన్న నగరాల్లో వారం వారం చూడటం ఎందుకంటే, చెరువు నీళ్లు తగ్గినప్పుడు బోరు నీళ్లు కలిపి వదిలే చోట అదే కుళాయిలో హార్డ్‌నెస్ సగానికి సగం మారిపోవచ్చు. నాకు వర్షాల తర్వాత 8 చుక్కలే వచ్చాయి, అంటే 142. సాఫ్ట్‌నర్‌లో పెట్టిన హార్డ్‌నెస్ సెట్టింగ్ ఒకే అంకె మీద ఉంటే ఒక కాలంలో ఉప్పు దండగ, ఇంకో కాలంలో షవర్‌కి తెలుపు. నేను చుక్కలు చూసి మారుస్తున్నాను.

లోపాలు ఉన్నాయి. బాత్‌రూమ్ పసుపు బల్బు కింద ఊదాకీ నీలానికీ తేడా తెలియదు, పగటి వెలుగులో వెనక తెల్ల కాగితం పెట్టుకోవాలి. సీసా వంచితే చుక్క సైజు మారుతుంది, నిలువుగా పట్టుకోవాల్సిందే. ఇనుము, రాగి ఉన్న నీళ్లలో రంగు సరిగ్గా తిరగదు. కాగితంలో ఇవేవీ రాయలేదు, అది నాకు నచ్చలేదు. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే వేరే గొట్టంలో 10 మిల్లీలీటర్లు తీసుకుని, రంగు మందు కూడా రెట్టింపు వేయండి, అప్పుడు చుక్క విలువ సగం, 8.9. ముంచి రంగు చూసే స్ట్రిప్స్ కూడా వాడాను, అవి చెప్పేది మరీ ఉజ్జాయింపు, పైగా తేమ తగిలితే పనికిరావు.

దీనితో నీళ్లు తాగడానికి మంచివో కాదో తెలియదని మాత్రం గుర్తుంచుకోండి. బ్యాక్టీరియా, నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, ఇవేవీ ఈ గొట్టంలో కనబడవు, వాటికి ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే. 1 చుక్క వచ్చిన నీళ్లు కూడా కలుషితమై ఉండొచ్చు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు ఆ కాగితానికి తగ్గించాను. కొనేటప్పుడు సీసా మీద గడువు తేదీ చూసుకోండి, మందు పాతబడితే చుక్కల లెక్క తప్పుతుంది.